అదనంగా పండిన నాలుగొందల పన్నెండు కిలోలు

ఈ ఏడు తుపాను దారి తప్పింది.
ఇటే వస్తన్నానని రేడియోలో చెప్పించుకుని
ఎటో పోయి సముద్రంలోనే చచ్చింది.
అందుకని మా కొండపి చుట్టూ
ఆకు జానెడు ఎక్కువ సాగింది.
నేను చేసిన నేరం అదొక్కటే.

నా పేరు మీదున్న కాగితంలో అంకె వేరే ఉంది.
ఎవరో ఫ్యాను కింద కూచుని
నా నల్లరేగడి ఎంత కనాలో ముందే రాశారు.
రాత్రంతా బ్యారన్ కాడ
సరుగుడు కట్టె ఎగేస్తా, థర్మామీటర్ వంక చూస్తా
పచ్చాకు పసుపెక్కుతుంటే
చాలు, ఇక ఆగవే, అని ఎట్టా అంటాం?

వేలం కేంద్రంలో చెక్కు కాటా ఎక్కింది.
గుమాస్తా పుస్తకం తిప్పి, వేలు పెట్టి చూపించాడు.
"ఇక్కడి నుంచి అదనం."

అదనం.
తెల్లారుజామున మంచులో ఆకు కొట్టిన చేతుల్లో
ఏ వేలు అదనం?
వడ్డీకి తెచ్చిన డబ్బులో
ఏ నోటు అదనం?
షావుకారు అయితే అట్టాంటి మాట అనలేదు,
మొత్తం నాదే అన్నాడు.

జరిమానా రసీదు మీద సంతకం పెట్టమన్నాడు.
పెన్ను కూడా నాదే.

సెంటర్లో టీ కొట్టు కాడ గొంతు లేచింది నాది.
"నేల నాది, నారు నాది, అప్పు నాది.
కొనేవాడున్నాడు, అమ్మేవాణ్ణి నేనున్నా.
మజ్జెలో ఈ మూడో మనిషెవరు?
నన్ను నా మానాన వదిలెయ్యమనండి.
మునిగితే నేనే మునుగుతా!"

మాలకొండయ్య తాత గ్లాసు కింద పెట్టాడు.
"వదిలేసిన రోజులు నువ్వు చూళ్ళేదురా.
కండువా కింద వేళ్లు పట్టుకుని బేరమాడేవాళ్లు.
అయిదుగురు వ్యాపారులు, పాతిక వేళ్లు,
అన్నీ కలిస్తే ఒకటే చెయ్యి.
స్వేచ్ఛగా అమ్ముకోమన్నారు.
స్వేచ్ఛగా ఏడ్చాం.
బండి వెనక్కి తోలుకుపోతే ఆకు బూజు, తోలకపోతే బతుకు బూజు."

నాకు మాట దొరకలేదు కాసేపు.
తర్వాత దొరికింది.
"దొంగల భయానికి కాపలా పెట్టుకున్నాం, సరే.
కాపలావాడు వంటింట్లోకొచ్చి
నువ్వెన్ని ముద్దలు తినాలో చెప్తే ఎట్టా తాతా?"

"అదీ నిజమే," అన్నాడు.
టీ డబ్బులు మాత్రం నన్నే ఇమ్మన్నాడు.

ఇంటికొచ్చి రవణమ్మకి మొత్తం మళ్లీ చెప్పా,
ఇంకాస్త గట్టిగా.
తను అన్నం పెడతా వింది.
పప్పు వేసింది. ఊరమిరపకాయ వేసింది.
"బాగుంది," అంది.
"పోయినేడు వేలం జరిగినన్నాళ్లు
ఆ గేటు కాడ దోసెల బండి పెడతానన్నా.
పెనం కొన్నా, నా కూలి డబ్బుల్తో.
మనింటి ఆడోళ్లు రోడ్డు మీద నిలబడటమా, అని
దాన్ని అటకెక్కించిన బోర్డు ఏది?
దాని ఆఫీసు ఒంగోల్లో ఉందా, ఈ పీట మీదుందా?"

ఊరమిరపకాయ కారంగా లేదు.
అయినా నీళ్లు తాగా.

ఆ రాత్రి కరెంటు పోయింది.
గ్రేడు చేసిన ఆకు వాసన వసారా అంతా.
నాలుగొందల పన్నెండు కిలోలు
గోనెపట్టా కింద, దోషుల మాదిరి, కిక్కురుమనకుండా.
వాటి పక్కన పడుకుని
నేనెన్నిసార్లు గుమాస్తానయ్యానో లెక్కేసుకుంటా ఉన్నా.
లెక్క తెగలేదు. నిద్ర పట్టింది.

పొద్దున్నే పక్కింటి నిచ్చెన తెచ్చి అటకకి ఆనించా.
"ఇది పర్మిషనా?" అంది.
"కాదు."
"అయితే తప్పుకో. నేనెక్కుతా."

ఎక్కింది. నేను నిచ్చెన పట్టుకున్నా.
పెనం బరువుగా కిందికి దిగింది,
ఏడాది దుమ్ముతో.
ఉల్లిపాయ ముక్కతో రుద్దతా ఉంది ఇప్పుడు.

రేపు పంచాయతీవాడు బండికి ఆశీలు అడుగుతాడు.
వాడికి జవాబు తనే చెప్పుకుంటుందంట.